మొదట వచ్చేది ఇంటిపేరే

ఈ సంగతి గురించి నేను పంపిన ఉత్తరాలకు ఇంతవరకూ మనిషన్నవాడు జవాబు రాయలేదు. మిషన్లు మాత్రం రాశాయి. మీ ఉత్తరం అందింది, మీ ఓపికకు కృతజ్ఞతలు అని రాశాయి. నాకు ఓపిక ఉందని వాటికెవరు చెప్పారో తెలియదు. మా ఆవిడను అడిగి ఉంటే నిజం చెప్పేది. తరవాత ఇక్కడి పేపర్ల వాళ్ళకు రాశాను, వెయ్యలేదు. ఆటల సంఘాల వాళ్ళకు రాశాను, పలకలేదు. బంధువుల్లో నాలుగు అక్షరాలు వచ్చినవాళ్ళకు చెప్పబోతే, ఆ గొడవ ఇంకా వదల్లేదా అన్నారు. వదల్లేదు. అందుకే జరిగినదంతా మొదటి నుంచి ఇక్కడ రాస్తున్నాను.

నేను పనిచేసింది తాడేపల్లిగూడెం టెలిఫోన్ ఆఫీసులో, కంప్లైంట్ల సెక్షన్లో. ఫోను పలకడం లేదని రాసినవాళ్ళకు, పక్కింటి మాటలు తమ ఫోనులో వినిపిస్తున్నాయని రాసినవాళ్ళకు, బిల్లు తప్పని రాసినవాళ్ళకు, అందరికీ జవాబు రాశాను. భీమడోలు నుంచి ఒక పెద్దాయన తరచూ కార్డు రాసేవాడు. ఫోను మోగుతుంది, తీస్తే అవతల ఎవరూ ఉండరు, ఇది మీ ఆఫీసులో ఎవరో కావాలని చేస్తున్న పని అనేది ఆయన ఆరోపణ. ప్రతి కార్డుకూ జవాబు ఇచ్చాను. ఆయన పోయాక కొడుకు వచ్చి, మా నాన్నగారికి ఉత్తరం రాసే మనిషి మీరొక్కరేనండీ అని చెప్పి వెళ్ళాడు. ఎవరైనా అడిగితే బదులు చెప్పాలి. తెలియకపోతే తెలియదని చెప్పాలి. నేను కొత్తగా కోరుతున్నదేమీ లేదు, చేసినదాన్నే అడుగుతున్నాను.

ఇక ఫుట్‌బాల్ సంగతి. మా ఊరు కలిదిండి దగ్గర, కొల్లేటి అంచున. అక్కడివాడికి ఫుట్‌బాల్ ఏమిటని చాలామంది నవ్వారు. ఎవరెవరు నవ్వారో గుర్తుంది. చదువు కోసం ఏలూరు వచ్చి మిషన్ హాస్టల్లో ఉన్న మా అందరికీ ఆ ఆట పిచ్చి పట్టుకుంది. సెలవుల్లో ఊరికి తెచ్చి ఆడాం. మేం ఆడిన స్థలం ఇప్పుడు చేపల చెరువు. ఎడమకాలు వాటం జట్టులో నాకొక్కడికే ఉండడంతో నన్ను లెఫ్ట్ బ్యాక్‌లో నిలబెట్టారు. అంటే గోలుకు ఎడమ పక్క కాపలా. మా జట్టు బలమంతా కుడివైపు. బంతి అటే తిరిగేది, పేరు అటువాళ్ళకే వచ్చేది. జిల్లా కప్పు గెలిచిన ఏడాది పేపర్లో మా ఫొటో వేశారు. నేను ఎడమ చివర నిలబడ్డాను. చోటు చాలక ఆ చివర కోసేశారు. నా మోచెయ్యి ఒక్కటే పడింది.

మరుసటి ఏడాది ఫైనల్లో ఓడిపోయాం. ఆ ఓటమి నా వల్లేనని తేల్చారు. ఏం జరిగిందో చెబుతాను, ఫుట్‌బాల్ తెలియనివాళ్ళకు కూడా అర్థమవుతుంది. బంతి మా కుడివైపు మూలన ఉంది. అప్పుడు ఎడమ పక్క కాపలావాడు ఎక్కడ ఉండాలి? తన గీత పక్కనే ఉండాలా, మధ్యలోకి జరిగి గోలుకు అడ్డం పడాలా? మధ్యలో ఖాళీ కనపడింది, నేను జరిగాను. అవతలివాడు బంతిని అందరి తలల మీదుగా నేను వదిలిన చోటికే కొట్టాడు. అక్కడున్నవాడు గోలు వేశాడు. చోటు వదిలేశావని మా గోల్‌కీపరు అందరి ముందూ నా చొక్కా పట్టుకున్నాడు. నేను జరగకపోతే మధ్యలోంచే గోలు పడేదని, వాడు ఆలస్యంగా ముందుకు రావడమే అసలు తప్పని నేనన్నాను. ఆ వాదన ఇప్పటికీ నడుస్తోంది. వాడు తరవాత కైకలూరులో చేపల మేత కొట్టు పెట్టుకున్నాడు. మా స్నేహం చెడలేదు. వాదనా ఆగలేదు.

"ఒరేయ్, నీకు చూపించిన చోట నిలబడ్డం చేతకాలేదు. మీ ఆవిడ బజార్లో నిలబెట్టి వెళ్తే అక్కడైనా నిలబడతన్నావా?" అంటాడు.

"నిలబడతన్నానురా. నువ్వు కొట్లో ముందుకొస్తన్నావా మరి, ఇంకా వెనకాలే కూర్చుంటన్నావా?" అంటాను.

దీన్ని తేల్చడానికి ఒక్కటే దారి ఉంది. ప్రపంచంలో అందరికన్నా బాగా ఆడేవాళ్ళు, బంతి అవతలి మూలన ఉన్నప్పుడు, ఎడమ పక్క ఏం చేస్తారో చూడాలి. టీవీలు వచ్చినప్పటి నుంచీ ప్రతి ప్రపంచ కప్పూ చూశాను. ఒక్కసారి కూడా ఇది చూపించలేదు. కెమెరా బంతి వెంట పోతుంది. బంతి కుడి మూలన ఉంటే ఎడమ పక్కవాడు తెరలోనే ఉండడు. బంతి వాడి దగ్గరికి వచ్చేసరికి వాడు అక్కడ ఉండనే ఉంటాడు. ఎక్కణ్ణుంచి వచ్చాడు, ఎప్పుడు కదిలాడు, ఎందుకు కదిలాడు, ఇదేదీ తెలియదు. మైదానమంతా ఒకేసారి కంట్లో పడాలంటే అక్కడికే వెళ్ళి పైనెక్కడో కూర్చోవాలి. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ అదొక వెర్రి ఆలోచనగానే ఉండిపోయింది. తరవాత కళ్ళ సంగతి వచ్చింది.

మొదట కనిపెట్టింది మా ఆవిడ. కంచంలో ఎడమవైపు వేసిన పచ్చడి ముట్టుకోకుండా లేస్తున్నానని, కోపం వచ్చిందేమో అనుకుని రెండు రోజులు ఊరుకుందట. తరవాత బజార్లో ఎడమవైపు నుంచి వచ్చిన స్కూటరు నన్ను గీరుకుంటూ పోయింది. రైలెక్కి ఏలూరు వెళ్ళి కంటి ఆసుపత్రిలో చూపించుకున్నాం. అక్కడ ఫీల్డ్ టెస్ట్ అని ఒకటి చేశారు. తెల్లటి పెద్ద గిన్నె లాంటిదానికి గడ్డం ఆనించి, ఎదురుగా ఉన్న చుక్కనే చూస్తుండాలి. చుట్టూ ఎక్కడ వెలుగు కనబడితే అప్పుడు చేతిలో బటను నొక్కాలి. కొన్నిసార్లు నొక్కాను. తరవాత చాలాసేపు ఏమీ వెలగలేదు.

"మిషను ఆగిపోయినట్టుంది, చూడమ్మా" అన్నాను.

"పనిచేస్తోందండీ. వెలుగుతూనే ఉన్నాయండీ" అంది ఆ టెస్టు చేసే అమ్మాయి.

డాక్టరుగారు ఆ కాగితం చూసి, "మీ ఫీల్డ్ బాగా తగ్గిపోయిందండీ" అంది.

"నేను ఆట మానేసి చాలా ఏళ్ళయిందండి" అన్నాను. మా ఆవిడ నా చెయ్యి గిల్లింది.

డాక్టరుగారు అన్నీ వివరంగా చెప్పింది. ఇది నీటికాసుల జబ్బు. కంటిలో ఒత్తిడి పెరిగి నరం దెబ్బతింటుంది. ఎదురుగా ఉన్నది కనబడుతుంది, పక్కలు పోతాయి. చివరికి గొట్టంలోంచి చూసినట్టు ఉంటుంది. పోయినది తిరిగిరాదు, ఉన్నదాన్ని చుక్కల మందుతో కాపాడుకోవాలి. ఎన్నాళ్ళు కాపాడుకోగలమని అడిగాను. చెప్పలేమంది.

"నాలుగేళ్ళు ఉంటుందాండి?"

"నాలుగేళ్ళనే ఎందుకడుగుతున్నారండీ?"

"ప్రపంచ కప్పు నాలుగేళ్ళకోసారి వస్తుందండి. ఫుట్‌బాల్. పైన కూర్చుని మైదానమంతా చూడాలండి నేను."

ఆమె నవ్వలేదు. "ఇప్పుడు వచ్చేది ఎప్పుడండీ?" అంది.

"వచ్చే ఏడాదండి."

"అయితే దానికే వెళ్ళండి" అంది. ఈ మొత్తం వ్యవహారంలో నేనడిగినదానికి తిన్నగా జవాబు చెప్పిన మనిషి ఆవిడ ఒక్కతే.

తిరుగు రైలులో భీమడోలు దాటాక మా ఆవిడ చుక్కల మందు సంచిలోంచి తీసి చూసి మళ్ళీ పెట్టింది. తరవాత, "ఆవిడ ఏదో మంచిమాట అందండీ. విమానం ఎక్కమని చీటీ రాయలేదుగా" అంది. తరవాత కిటికీ వైపు తిరిగి పైటతో ముఖం తుడుచుకుంది. ఆమె నాకు ఎడమ పక్కన కూర్చుని ఉంది. తల పూర్తిగా తిప్పితేగాని ఆ సంగతి నాకు తెలియలేదు.

ఆ సారి పోటీలు గల్ఫ్‌లో. మా బావమరిది అక్కడే డ్రైవరు. ఫోను చేస్తే సంతోషించాడు.

"వచ్చేయండి బావగారూ. గదిలో నలుగురం ఉంటన్నాం. ఐదో మనిషంటే కింద పడుకోవాలండి, అంతే. మీరు కింద పడుకోరు కాబట్టి నేను పడుకుంటాను. టికెట్టు ఒక్కటీ మీరు కంప్యూటర్లో పెట్టుకోవాలండి. అందరూ పెట్టుకున్నాక వాళ్ళు డ్రా తీస్తారు."

మా ఆవిడ పక్కనుంచి వింటోంది. "డ్రా అయితే ఎవరూ గెలవనట్టు కదండీ?" అంది.

"ఇది ఆ డ్రా కాదే."

"చీటీ పాటలో తీసే డ్రానా? అది మనకెప్పుడొచ్చింది గనక?"

తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల మార్కెట్టుకు దగ్గర్లో ఒక జిరాక్స్ కొట్టు ఉంది. దాన్నే నెట్ సెంటర్ అంటారు. పరీక్షలకు, పెన్షన్లకు, రైళ్ళకు, భూముల కాగితాలకు అన్నిటికీ జనం అక్కడే కూర్చుంటారు. నడిపే ఆవిడ నన్ను బాబాయిగారూ అని పిలుస్తుంది. ప్రపంచ కప్పు టికెట్టని చెబితే, కళ్ళజోడు సవరించుకుని, "అది కూడా ఇక్కడే చేస్తారా అండీ?" అని నన్నే అడిగింది. సరే, సైటు తెరిచాం. మొదటి గడిలోనే ఆగింది.

"ఫస్ట్ నేమ్ అంటోందండీ. ఏది కొట్టమంటారు?"

"మొదటి పేరు అనేగా దానర్థం? మొదట వచ్చేది ఇంటిపేరే. కొట్టమ్మా."

"కొంతమంది తిప్పి కొట్టిస్తారు బాబాయిగారూ."

"ఎందుకు తిప్పాలి? బళ్ళో హాజరు పిలిచినప్పుడు నన్ను తిప్పి పిలిచారా? మా పెళ్ళి కార్డు మీద తిప్పి వేశారా? నా పెన్షను పుస్తకం మీద ఉందా తిప్పి?"

"మీ ఇష్టమండీ. నాకేం, ఎటు కొట్టినా అవే అక్షరాలు."

అలా ఇంటిపేరు ముందు, నా పేరు వెనక పడ్డాయి. పాస్‌పోర్టు చూసి నంబరు కొట్టింది. పేరు నేను నోటితో చెప్పాను. పాస్‌పోర్టు చూసి నా పేరు చెప్పవలసిన అవసరం నాకేమిటి? అడిగింది నా పేరు, తెలిసినవాణ్ణి నేను.

తరవాత సీటు. రకరకాల ధరల సీట్లు ఉన్నాయి. అన్నిటికన్నా చవకది అన్నిటికన్నా పైన. అందరూ కిందికి, గీత పక్కకి, ఆటగాళ్ళ ముఖాలు కనబడేచోటికి ఎగబడతారట. నాకు కావలసింది ఆ పైన ఉన్నదే. ఆట కూడా పెద్ద జట్లది అడగలేదు. మధ్యాహ్నం పూట జరిగేది ఒకటి, మామూలు జట్లది, అడిగాను. వాళ్ళ లెఫ్ట్ బ్యాకులయినా నాకు చాలు. మైదానం పడమటి వైపు కావాలా, తూర్పు వైపు కావాలా అని అడుగుతుందేమోనని చూశాను గాని, అది అడగలేదు.

డ్రాలో వచ్చింది. నా జన్మలో వచ్చిన డ్రా అదొక్కటే. మెయిలు వచ్చినప్పుడు నేను కైకలూరులో మా గోల్‌కీపరు కొట్లో కూర్చుని ఉన్నాను. వాడు కళ్ళజోడు పెట్టుకుని ఫోను లాక్కున్నాడు. మెయిలు మొదట్లో ప్రియమైన అని ఉండి, దాని పక్కన మా ఇంటిపేరు ఉంది. ఒట్టి ఇంటిపేరే, వెనకాల ఇంకేమీ లేదు. ఆ ఇంటిపేరుతో మా ఊళ్ళో సగం ఊరుంది.

"డ్రా తగిలింది నీకు కాదురోయ్. మీ ఇంటిపేరోళ్ళందరికీ తగిలింది. విమానం కాదు, లారీ కట్టుకుని పోవాలి మీరు" అన్నాడు.

"నవ్వు. వెళ్ళి చూసొచ్చి చెబుతాగా నీ సంగతి."

"నిజంగా చూడరా" అన్నాడు ఫోను నా చేతికిస్తూ. నవ్వు మానేశాడు. "బంతి అటు మూలనున్నప్పుడు వాడు లోపలికి జరిగాడా, గీత మీదే ఉన్నాడా. అది చూడు. గోల్‌కీపరు ఎక్కడున్నాడో అది కూడా చూడు. అబద్ధం మాత్రం చెప్పకు."

"నేనెప్పుడు చెప్పానురా అబద్ధం?"

"చెప్పలేదు. అందుకే వెళ్ళమంటన్నాను."

ఆ మాట నాకు చాలా రోజులు బలాన్నిచ్చింది. చుక్కలు ఒక్కపూట కూడా మానలేదు. తాడేపల్లిగూడెంలో యుద్ధకాలం నాటి పాత రన్‌వే మీద పొద్దున్నే నడుస్తూ, దూరంగా కనబడే మనుషుల్ని ఒకేసారి ఎంతమందిని చూడగలనో సాధన చేసేవాణ్ణి. ఎదుట నడిచేవాణ్ణి చూస్తూ, చివర గడ్డి మేస్తున్న గేదెను కూడా చూడాలి. కుడివైపు గేదె దొరికేది. ఎడమవైపుది దొరికేది కాదు. అక్కడ కాస్త వాలుగా కూర్చుంటే సరిపోతుందిలే అనుకున్నాను.

టికెట్టు ఉంటే చాలదు, ఆ దేశంలోకి రానివ్వడానికి ఇంకో కార్డు ఉండాలన్నారు. టికెట్టు మీది పేరును, పాస్‌పోర్టు మీది పేరును మిషను కలిపి చూస్తుంది. నాది చూసి, వివరాలు సరిపోలలేదని తిప్పికొట్టింది. మళ్ళీ పెట్టాం. మళ్ళీ తిప్పికొట్టింది. నెట్ సెంటరావిడ గోళ్ళు కొరుక్కుంటూ, "సర్వరు బాగోలేదేమోనండీ" అంది. సర్వరు బాగానే ఉంది. బావమరిది ఫోను చేసి అసలు సంగతి చెప్పాడు.

"బావగారూ, మీ పేరు తిరగబడిందండి. పాస్‌పోర్టులో ఇంటిపేరు సర్‌నేమ్ గడిలో ఉంది, మీ పేరు రెండో గడిలో ఉంది. టికెట్టు మీద అటుది ఇటు, ఇటుది అటు పడ్డాయండి."

"నా పేరు తిరగబడలేదు. వాళ్ళ గడులు తిరగబడ్డాయి."

"అదేనండి, ఏదోటి తిరగబడింది గదండీ. వాళ్ళు ఇద్దరు మనుషులనుకుంటన్నారు."

ఇద్దరు మనుషులు. టికెట్టు ఒకడికి ఉంది, పాస్‌పోర్టు ఇంకొకడికి ఉంది. నేను ఆ ఇద్దరిలో ఎవణ్ణీ కాను.

అప్పుడు ఉత్తరాలు మొదలుపెట్టాను. నా సర్వీసంతా ఎవరెవరు ఎలా రాస్తే మేం చదివేవాళ్ళమో నాకు తెలుసు. అలాగే రాశాను. విషయం పైన, వివరం కింద, కోరేది చివర. తెలుగువాళ్ళలో ఇంటిపేరు ముందు వస్తుందని, అది తప్పు కాదని, మనిషి ఒక్కడేనని, అక్షరాలు అవేనని, గడులు మార్చి ఇవ్వమని రాశాను. జవాబుగా మళ్ళీ ప్రియమైన ఇంటిపేరు అని వచ్చేది. మీ ప్రశ్నకు సమాధానం ఈ కింది వాటిలో ఉందేమో చూడండి అని ఒక పట్టిక. టికెట్టు పోయినవాళ్ళకు, ఆట మార్చుకునేవాళ్ళకు, చక్రాల కుర్చీ కావలసినవాళ్ళకు దానిలో జవాబులున్నాయి. ఇంటిపేరు ముందు రాసుకునేవాళ్ళకు లేదు.

"మామయ్యగారికి రాస్తన్నట్టున్నారండీ" అంది మా ఆవిడ. "ఇంటిపేరుతో ఆయన్నేగా పిలిచేవారు. పాపం, పోయినాయన ఎక్కడికి వెళ్తారు చూడ్డానికి?"

ఆమె నన్ను నవ్వించాలనే అంది. అప్పటికి నేను నవ్వడం మానేశాను.

బావమరిది తనకు దొరికే ఒక్క సెలవురోజూ నా కోసం పోగొట్టుకున్నాడు. అక్కడి టికెట్ల కౌంటరు ముందు ఎండలో నిలబడి, లోపలికి వెళ్ళి, నా కాగితాలన్నీ చూపించాడు. టికెట్టు ఎవరిదో వాళ్ళే స్వయంగా వస్తే పేరు సరిచేస్తామన్నారు. ఆయన రావాలంటే కార్డు కావాలండీ అన్నాడు వీడు. కార్డు రావాలంటే పేరు సరిగా ఉండాలన్నారు. పేరు సరిచేయాలంటే? ఆయన రావాలి. ఫోనులో బావమరిది ఇదంతా ఒకటికి రెండుసార్లు చెప్పాడు. "కౌంటరులో పిల్ల మంచిదేనండి బావగారూ. మంచినీళ్ళు కూడా ఇచ్చింది. కానీ దాని చేతిలో ఏం లేదంట" అన్నాడు.

ఎవరి చేతిలో ఉందో నాకు చెప్పండి. కౌంటరు పిల్ల చేతిలో లేదు. మిషనుకు చేతులు లేవు. మా ఆఫీసులో అయితే పైన ఒక ఇంజనీరు ఉండేవాడు, ఆయన చేతిలో లేకపోతే జిల్లాలో ఇంకొకడు ఉండేవాడు. వాడు దుర్మార్గుడైనా సరే, ఎదురుగా కూర్చుని కాదనేవాడు. కాదన్నవాడి ముఖం చూసి తిట్టుకుంటూ ఇంటికి పోవచ్చు. ఇక్కడ ఆ మాత్రం కూడా లేదు. నేను గోడను తిట్టుకున్నాను. తరవాత నెట్ సెంటరావిడను తిట్టాను. కొంతమంది తిప్పి కొట్టిస్తారని ఆ రోజే చెప్పానండీ అని ఆమె ఒక్కమాట అనగలిగి ఉండీ అనలేదు. అయినా నేననేది అదే. తిప్పడం నా పనా?

మధ్యలో మళ్ళీ ఏలూరు వెళ్ళాను. మళ్ళీ ఆ గిన్నెలో తల పెట్టాను. డాక్టరుగారు పాత కాగితం, కొత్త కాగితం పక్కపక్కన పెట్టి చూసింది. రెండోదానిలో నలుపు ఎక్కువ. "మీ ప్రయాణం ఎప్పుడండీ?" అంది. లేదని చెప్పాను. ఎందుకు లేదో మొత్తం చెప్పాను. బయట రోగులు చాలామంది ఉన్నా విన్నది. విని, మందు మార్చి రాసింది. ఇక నాలుగేళ్ళ సంగతి నేనూ అడగలేదు, ఆమె కూడా ఎత్తలేదు.

ఆట రోజు మధ్యాహ్నం మా గోల్‌కీపరు కైకలూరు నుంచి వచ్చాడు. కొర్రమీను వేపుడు డబ్బాలో పెట్టించుకుని తెచ్చాడు. ఇద్దరం టీవీ ముందు కూర్చున్నాం. నాకు మిగిలిన చూపులో టీవీ సరిగ్గా పడుతుంది, పక్కన గోడ పడదు. కెమెరా మామూలుగానే బంతి వెంట తిరిగింది. ఒకసారి బంతి కుడి మూలకు పోయింది. ఇద్దరం ముందుకు వంగాం. తెరలో ఆ మూల, ఇద్దరు ఆటగాళ్ళు, జెండా కర్ర, అంతే. బంతి గాల్లో లేచింది, కెమెరా దాని వెంట వచ్చింది. ఎడమ పక్కవాడు అప్పటికే అక్కడ ఉన్నాడు, తలతో కొట్టి బయటికి పంపేశాడు. ఎక్కణ్ణుంచి వచ్చాడు?

"చూశావా?" అన్నాడు వాడు.

"ఏం చూపించాడ్రా చూడ్డానికి?"

బంతి బయటికి పోయిన ఆ కాసేపూ కెమెరా ఊరికే ఉండలేక జనం మీదికి పోయింది. కింద జెండాలు, ముఖాలకు రంగులు. తరవాత పైకి పోయింది. పైన, అన్నిటికన్నా పైన, కుర్చీలు. వాటిలో కొన్ని ఖాళీగా ఉన్నాయి. నేను లేచి టీవీ దగ్గరికి వెళ్ళాను. వెళ్ళేసరికి మళ్ళీ బంతి వచ్చేసింది.

నేను తిరిగి కూర్చున్నాక వాడు డబ్బా మూత తీసి నా చేతికందేలా పెట్టాడు. కాసేపు ఆట చూశాడు. తరవాత తెర వైపే చూస్తూ అన్నాడు.

"పోనీలేరా. ఆ గోలు నాదే. నేను ముందుకు రావాల్సింది. రాలేదు."

ఇన్నేళ్ళూ నేను వినాలనుకున్న మాట అది. ఈ మాట కోసం వాడితో పెళ్ళిళ్ళలో, చావుల్లో, బస్టాండుల్లో పోట్లాడాను. కానీ వాడు నా కళ్ళను చూసి చెప్పాడు, ఆ గోలును గుర్తు తెచ్చుకుని కాదు. జాలిపడి ఇచ్చింది నాకెందుకు?

"నీది కాదు. నాదీ కాదేమో. చూస్తేగాని తెలీదు. చూడలేదుగా" అన్నాను.

"ఇంక ఎప్పుడు చూస్తావురా?"

టీవీ కట్టేశాను. ఆట సగంలో ఉంది. వాడు చీకటి పడకముందే బస్సెక్కి వెళ్ళిపోయాడు. అప్పటి నుంచి ఆ గోలు సంగతి ఎత్తడం లేదు. వేరే సంగతులు మాట్లాడతాడు. మేత రేట్లు, మనవల చదువులు, చెరువులో రోగాలు. నన్ను తిట్టడం మానేశాడు. నాతో వాదించే మనిషి ఒకడుండేవాడు. టికెట్టుతో పాటు వాడు కూడా పోయాడు. మొన్న నేనే ఎత్తాను. మధ్యలోకి జరగడం నా తప్పేనంటావా అని రెచ్చగొట్టాను. "కాదులేరా, నువ్వు కరెక్టే" అన్నాడు మెల్లగా, చంటిపిల్లవాడితో అన్నట్టు.

ఇప్పుడు ఎడమవైపు దాదాపు ఏమీ లేదు. కుడివైపు తగ్గుతోంది. మా ఆవిడ పచ్చడి కంచం మధ్యలో వేస్తోంది. తరవాతి కప్పుకు టికెట్లు పెట్టుకోమని బావమరిది అన్నాడు, ఈసారి పేరు తిప్పి కొట్టిద్దామన్నాడు. తిప్పి కొట్టించినా నాకు కనబడేది టీవీ అంత ముక్కే. ఆ ముక్క ఇంట్లోనే ఉంది.

కాబట్టి టికెట్లు మళ్ళీ ఇవ్వమని నేను అడగడం లేదు. తప్పు ఒప్పుకోమని కూడా అడగడం లేదు. ఆ పోటీలు జరిపినవాళ్ళలో మనిషనేవాడు ఒకడుంటే, అతణ్ణి అడిగేది ఒక్కటే. నాకు కేటాయించిన సీటు ఒకటి ఉంది, దాని వరుస, అంకె మీ దగ్గరే ఉన్నాయి. ఆ మధ్యాహ్నం అది ఖాళీగా ఉంచారా, ఇంకెవరికైనా ఇచ్చారా? ఖాళీగా ఉంచితే ఉంచామని చెప్పండి. ఎవరైనా కూర్చుని ఉంటే వాళ్ళెవరో చెప్పండి. బంతి కుడి మూలకు పోయినప్పుడు ఎడమ పక్కవాడు ఎక్కడున్నాడో వాళ్ళు చూసే ఉంటారు, నేనే రాసి అడుగుతాను. చూడలేదంటే చూడలేదని రాయమనండి. అక్షరాలు పెద్దవిగా, కాగితానికి సరిగ్గా మధ్యలో రాయండి. ఇంకా చదువుకోగలుగుతున్నాను. త్వరగా రాయండి.